పడవ రాని రెండు రోజులు: సాంటా రోసా దీవి క్యాంప్, ఒక కేస్ స్టడీ

నేను లాస్ ఏంజెలెస్ దగ్గర ఉంటాను. పదేళ్ళ పైగా ఇక్కడి తెలుగు కుటుంబాలను క్యాంపింగ్‌కి తీసుకెళ్తున్నాను. జీతం కోసం చేసే పని కాదు, ఇష్టంతో చేసేది. ఆసుపత్రికి దూరంగా ఉన్నచోట ఎవరికైనా ఏదైనా అయితే ఏం చెయ్యాలో నేర్పే వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ కోర్సు చేశాను. నా వెంట వచ్చినవాళ్ళకి ఇంతవరకు ప్రాణం మీదికి వచ్చిన సంఘటన లేదు. ఇక్కడ రాస్తున్న ట్రిప్‌లో కూడా అందరం క్షేమంగానే తిరిగొచ్చాం. అయినా దీన్ని వివరంగా రాయాలనిపించింది. బయల్దేరే ముందు నేను అడగాల్సిన ఒక ప్రశ్న అడగలేదు. ఆ లోటు ఒక పెద్దాయన తన మందు తనే తగ్గించుకునేదాకా నాకు కనపడలేదు.

దీవి, గాలి

కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న చానెల్ ఐలాండ్స్ నేషనల్ పార్క్‌లో ఐదు దీవులున్నాయి. వాటిలో విస్తీర్ణంలో రెండోది సాంటా రోసా, సుమారు 53,000 ఎకరాలు. 1998 దాకా అక్కడ పశువుల ర్యాంచ్ నడిచింది. ఇప్పుడు రేంజర్లు, పరిశోధకులు, మాలాగా వచ్చిపోయే క్యాంపర్లు తప్ప ఊరంటూ లేదు. కొట్టు లేదు, మందుల షాపు లేదు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. చిన్న విమానాలు దిగే మట్టి రన్‌వే ఒకటి ఉంది గానీ క్యాంపర్లకి మామూలు దారి పడవే. వెంచురా హార్బర్ నుంచి దాదాపు మూడు గంటల ప్రయాణం. ఆ పడవ కూడా రోజూ ఉండదు.

పడవ ఆగాక ఇనుప నిచ్చెన ఎక్కితేనే పీర్ మీదికి, అంటే సముద్రంలోకి కట్టిన రేవు వంతెన మీదికి చేరతాం. అక్కడి నుంచి వాటర్ కాన్యన్ క్యాంప్ మైలున్నర. సామాను మొత్తం భుజాల మీదే మొయ్యాలి. తాగే నీళ్ళ కుళాయి ఉంది, అది పెద్ద వరం. చలిమంట వెయ్యకూడదు, వంట గ్యాస్ స్టవ్ మీదే. చెత్త అంతా వెనక్కి తెచ్చుకోవాలి. ఉన్నవి 15 సైట్లు, ప్రతి సైట్‌కీ గాలి తగలకుండా చెక్కలతో కట్టిన గోడ ఉంటుంది. ఆ గోడ చూస్తేనే ఆ చోటు ఎలాంటిదో తెలిసిపోతుంది.

గాలి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు మొదలైంది అక్కడే. వసంతం నుంచి వేసవి మొదలుదాకా ఈ తీరంలో వాయవ్యం నుంచి గట్టిగా వీస్తుంది. పసిఫిక్ మీద అధిక పీడనం, లోపల ఎడారి వేడెక్కి అల్పపీడనం. రెండింటి మధ్యా తేడా పెరిగేకొద్దీ గాలి బలపడుతుంది. పాయింట్ కన్సెప్షన్ అనేచోట తీరం ఒక్కసారిగా తూర్పుకి మళ్ళుతుంది. అక్కడిదాకా తీరం వెంబడి వచ్చిన గాలిలో ఎక్కువ భాగం మాత్రం అలా మళ్ళదు, నేరుగా సముద్రం మీదుగా వచ్చి ఈ దీవుల మీద పడుతుంది. సాంటా రోసాకి వచ్చేవాళ్ళు 30 నాట్ల గాలికి, అంటే గంటకి 55 కిలోమీటర్ల వేగానికి సిద్ధపడి రావాలని పార్క్ వాళ్ళే చెప్తారు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో సముద్రం చాలావరకు నెమ్మదిస్తుంది.

ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి కూడా మే నెలాఖరులో మెమోరియల్ డే వారాంతానికి బుక్ చేశాను. అందరికీ సోమవారం సెలవు, శుక్రవారం ఒక్కరోజే పిల్లలకి బడి పోతుంది, ఆఫీసులో లీవు అడగాలి. శుక్రవారం వెళ్ళి సోమవారం మధ్యాహ్నం పడవకి తిరిగి రావాలి. క్యాలెండర్‌లో అది చక్కగా కుదిరింది.

ఎవరెవరు

మొత్తం తొమ్మిది మందిమి, రెండు సైట్లు. ఇద్దరు పిల్లలున్న ఒక కుటుంబం, ఒక యువ ఇంజనీరు, ఒక దంపతులు, ఆ దంపతుల్లో అబ్బాయి వాళ్ళ నాన్నగారు, నేను. నాన్నగారికి డెబ్భైకి దగ్గర. ఇండియా నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు. నేను ఆయన్ని బాబాయ్ గారు అనేదాన్ని. ఏడాది కిందట గుండెకి స్టెంట్ వేశారు. నడకకి, పడవ ప్రయాణానికి డాక్టర్ సరేనన్నాకే ఆయన్ని చేర్చుకున్నాను. ఆ విషయంలో ఇప్పటికీ నాకు సందేహం లేదు. రోజూ ఐదు మైళ్ళు నడిచే మనిషి. నిచ్చెన దగ్గర మాలో అందరికన్నా తొణక్కుండా ఎక్కింది ఆయనే. పడవ అలతో పైకి లేచే క్షణం దాకా ఆగి, అప్పుడు మెట్టు అందుకున్నారు. ఎవరూ చెప్పలేదు.

అది ఎలా వచ్చిందో శుక్రవారం సాయంత్రం తెలిసింది. ఆయనది దివిసీమ, నాగాయలంక దగ్గర ఎదురుమొండి. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న దీవి. చిన్నప్పటి నుంచీ పడవ మీద, పంటు మీద ఏరు దాటి తిరిగినవారు. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి ఆయనకి ఇరవై దాటాయి. దాని గురించి పిల్లలు అడిగితే రెండు మాటలే చెప్పి, నక్కల వైపు మాట మళ్ళించారు.

నక్కల సంగతి ఈ కేసుకి అవసరమే. ఈ దీవుల్లో పిల్లికన్నా పెద్దగా ఉండని ఒక చిన్న నక్క ఉంది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. బంగారు గద్దలు వచ్చి వేటాడడంతో 2000 నాటికి సాంటా రోసాలో 15 మిగిలాయి. పట్టి, పెంచి, మళ్ళీ వదిలి, 2016 నాటికి అంతరించే జాతుల జాబితా నుంచి తీసెయ్యగలిగేంతగా కోలుకునేలా చేశారు. ఇప్పుడు క్యాంప్‌లో టెంట్ల మధ్యే తిరుగుతాయి. వాటికీ కాకులకీ అందకుండా తిండి మొత్తం సైట్‌లో ఉన్న పెట్టెలో పెట్టి గడియ వెయ్యాలి. శుక్రవారం రాత్రి పిల్లలు మర్చిపోయి బయట వదిలిన చపాతీల సంచీ తెల్లారేసరికి లేదు. పడవ రాకపోతే పనికొస్తుందని తెచ్చుకున్న అదనపు తిండిలో ఆ సంచీ ఒక భాగం. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా నక్కకి మనిషి తిండి పెట్టినట్టయిందే అని బాధపడ్డానే గానీ, మా లెక్క తగ్గిందని అనుకోలేదు.

శనివారం టోరీ పైన్ చెట్ల తోపు దాకా నడిచాం. ఈ చెట్లు సహజంగా పెరిగేది రెండే చోట్ల: శాన్ డియేగో దగ్గర ఒడ్డున, ఈ దీవి మీద. ఆ రోజు గురించి ఇంకేం చెప్పనక్కర్లేదు, ఎండ, నీలం సముద్రం, అంతా బాగుంది.

ఆదివారం సాయంత్రం

మధ్యాహ్నం మూడింటికి గాలి మారింది. నా దగ్గరున్న శాటిలైట్ పరికరం గార్మిన్ ఇన్‌రీచ్‌లో సముద్ర వాతావరణ సూచన తెప్పించుకున్నాను. పొద్దున స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ, అంటే చిన్న పడవలు జాగ్రత్త అని ఉన్నది, గేల్ వార్నింగ్‌గా మారింది. అంటే 34 నాట్లు దాటే గాలి. సోమ, మంగళ రెండు రోజులకీ అదే.

అందరినీ కూర్చోబెట్టి చెప్పాలా, పొద్దున్నే పడవ వాళ్ళ కబురు వచ్చేదాకా ఆగాలా అని ఆలోచించాను. ఊరికే టెన్షన్ పెట్టడమెందుకు అనుకుని ఆగాను. ఇది నా మొదటి తప్పుడు నిర్ణయం. తేదీ ఎంచుకోవడం అంతకుముందే జరిగిన తప్పు కాబట్టి దాన్ని వేరేగా లెక్కేస్తాను.

బాబాయ్ గారు చెక్క గోడ పక్కన నిలబడి కొండ వైపు చూస్తున్నారు.

"రేపు పడవ రాదమ్మాయ్" అన్నారు.

"చూద్దాం బాబాయ్ గారూ, పొద్దునకి తగ్గొచ్చు కదా."

"తగ్గేది కాదు. ఇది తెరలు తెరలుగా రావట్లేదు, ఒకే పట్టున వస్తోంది."

ఆయన మాట నా చేతిలో ఉన్న సూచనతో సరిపోయింది. అయినా దాచుకున్నాను. ఆ క్షణంలో "అవును, రాకపోవచ్చు. మీ మందులు ఎన్ని రోజులకి ఉన్నాయి?" అని అడిగుంటే ఈ కేసు రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

సోమవారం

పొద్దున్నే రేంజర్ వచ్చి చెప్పారు: పడవ రద్దు, రేపు కూడా అనుమానమే, గాలి తగ్గిన మొదటి రోజున వచ్చి తీసుకెళ్తారు. అప్పుడు అందరినీ పిలిచి తిండి, గ్యాస్, నీళ్ళు, మందులు లెక్క పెడదామన్నాను.

నీళ్ళకి లోటు లేదు. తిండి సర్దుకుంటే రెండు రోజులు వస్తుంది. గ్యాస్ దగ్గర ఇబ్బంది కనపడింది. ఇంట్లో ప్రయత్నించి చూసి ఐదు డబ్బాలు సరిపోతాయనుకున్నాను. గాలిలో మంట పక్కకి కొట్టుకుపోయి, గిన్నె వేడెక్కడానికి రెట్టింపు సమయం పట్టింది, ఆదివారం రాత్రికే నాలుగు అయిపోయాయి. టెంట్ లోపల పెట్టి వండుదామా అని ఒకరు అడిగారు. కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, బట్ట అంటుకుంటుంది, ఆ పని ఎప్పుడూ చెయ్యకూడదు. బాబాయ్ గారే దారి చెప్పారు. బియ్యం రెండు గంటలు నానబెట్టి, ఎసరు మరిగి ఒక పొంగు రాగానే దించేసి, మూత బిగించి, స్లీపింగ్ బ్యాగ్‌లో చుట్టి పెట్టమన్నారు. అన్నం బాగానే ఉడికింది. పొద్దున పూట పొయ్యి వెలిగించకుండా అటుకులు తడిపి ఆవకాయ కలుపుకున్నాం. ఒక్క డబ్బాతో బుధవారం దాకా లాగాం. కరువుని సర్దుకోవడం ఆయన ఒంటికి పట్టిన విద్య. అది నాకు చాలా ఉపయోగపడింది. ఆ విద్యే ఇంకోచోట ఏం చేసిందో మధ్యాహ్నం తెలిసింది.

మందులు లెక్కపెట్టేటప్పుడు మొదట నా సంచీయే తెరిచాను. నా థైరాయిడ్ మాత్రలు సరిగ్గా సోమవారం పొద్దుటిదాకే ఉన్నాయి. అందరికీ చెప్పే నేనే రోజులు లెక్కపెట్టి సర్దుకున్నాను. అది చూశాక ఎవరి మాటా నమ్మకుండా, అందరూ డబ్బాలు తెరిచి చాప మీద పెట్టాలని అడిగాను.

బాబాయ్ గారి బీపీ మాత్రలు సీసాతో ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా రాత్రి పూట వేసుకునే మాత్రలు మాత్రం వారం గదులున్న డబ్బాలో కొడుకు సర్దిపెట్టాడు, శుక్ర, శని, ఆది, దారిలో ఆలస్యమైతే ఉంటుందని సోమ. నాలుగు. ఇప్పుడు సోమవారం గదిలో ఒకటి ఉంది. ఆదివారం గదిలో సగం ముక్క ఉంది.

"ఇదేంటి నాన్నా?" అన్నాడు కొడుకు. గొంతు పెరిగింది.

"రాత్రి సగమే వేసుకున్నాన్రా. పడవ రాదని తెలిసింది కదా. ఉన్నది సర్దుకోవాలి." తర్వాత నా వైపు తిరిగి, "మా ఊళ్ళో పంటు ఆగిందంటే అంతేనమ్మా. బియ్యమైనా, కిరసనాయిలైనా, జ్వరం మాత్రలైనా. మీరంతా నా కోసం కంగారు పడటం దేనికని చెప్పలేదు" అన్నారు.

కొడుకుని పక్కకి తీసుకెళ్ళి, అందరి ముందూ కోప్పడొద్దని చెప్పాను. కోప్పడితే ఆయన తర్వాత ఏదీ చెప్పరు. రాబోయే రెండు రోజులు ఆయన తనకి ఒంట్లో ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పడమే మాకు అన్నిటికన్నా ముఖ్యం. తిరిగొచ్చి ఆయన పక్కన కూర్చుని, బియ్యం సగం తింటే సగం ఆకలి తీరుతుందని, ఈ మాత్రని డాక్టర్‌ని అడక్కుండా సగం చేస్తే పనిచెయ్యకపోవచ్చని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "తెలియక చేశాను తల్లీ" అన్నారు. తప్పు నాది, ముందే అడగాల్సింది అన్నాను. మాటవరసకి అనలేదు.

నూట అరవై అక్షరాలు

నా దగ్గరున్న ఇన్‌రీచ్ నుంచి ఒక్కో మెసేజ్‌కి 160 అక్షరాలే. కొడుకు కంగారులో డాలస్‌లో ఉన్న అక్కకి నాన్న మాత్రలు అయిపోతున్నాయి, డాక్టర్‌తో మాట్లాడు అని పంపేశాడు. ఆవిడ పరిస్థితి ఊహించుకోవచ్చు. ఏమైంది, నొప్పి ఉందా, ఏ మాత్రలు అని వరుసగా ఆరు మెసేజ్‌లు వచ్చాయి. కాన్యన్ లోపల ఆకాశం తక్కువగా కనపడుతుంది కాబట్టి ఒక్కోటి రావడానికి, పోవడానికి నిమిషాలు పట్టేది. అలా అరగంట పోయింది.

పరికరం నేను తీసుకుని, ముందు కాగితం మీద రాసుకున్నాను. వయసు, స్టెంట్ వేసిన నెల, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఆఖరి పూర్తి మాత్ర శనివారం రాత్రి, ఆదివారం సగం, మిగిలినవి ఒకటిన్నర, ఛాతీ నొప్పి లేదు, ఆయాసం లేదు, పడవ బుధవారం రావచ్చు. కుదిస్తే రెండు మెసేజ్‌లలో పట్టింది. పైకి నడిచి, బయలు ప్రదేశంలో నిలబడి పంపాను. సెలవు రోజు కాబట్టి ఆవిడ ఆన్‌కాల్ డాక్టర్‌కి ఫోన్ చేసి, అదే వాక్యం వరసగా చదివి వినిపించింది. గంటన్నరకి జవాబు వచ్చింది: ఈ రాత్రి పూర్తి మాత్ర, సగం చెయ్యొద్దు, బరువులు, ఎత్తులు వద్దు, రేపు పడవ రాకపోతే మళ్ళీ అడగండి. మంగళవారం మళ్ళీ అడిగితే, ఆ రాత్రికి మిగిలిన సగం వేసి, ఒడ్డుకి రాగానే మందు తీసుకోమన్నారు. ఇది ఆయన పరిస్థితి, ఆయన మందు విని డాక్టర్ ఆయనకి చెప్పిన మాట. ఇంకొకరికి పనికొచ్చే సలహాగా దీన్ని రాయడం లేదు.

రేంజర్ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. చెప్పడానికి మొదట మొహమాటం వేసింది, ఇంత చిన్న విషయానికా అనుకుంటారేమోనని. ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు, ఊపిరందకపోవడం, వీటిలో ఏదొచ్చినా ఏ వేళైనా తనని లేపమన్నారు. ఆ గాలిలో హెలికాప్టర్ వెంటనే వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అందుకే ముందుగా తెలిసి ఉండటం అవసరం అన్నారు.

రెండు రాత్రులూ కొడుకు ఆయన టెంట్‌లోనే పడుకున్నాడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నేను నాడి చూసి, ఎలా ఉందో అడిగి, టైముతో సహా రాసి పెట్టాను. మంగళవారం గాలికి మా పెద్ద టెంట్ కర్ర వంగిపోయింది, పిల్లల్ని చిన్న టెంట్లలోకి సర్దాం. ఆ రోజంతా పెద్దగా ఏమీ జరగలేదు. బాబాయ్ గారు గోడ వెనక కూర్చుని పిల్లలకి వల అల్లే ముడి నేర్పించారు.

బుధవారం తెల్లారేసరికి గాలి పడిపోయింది. మధ్యాహ్నం పడవ వచ్చింది. ఆయన సంచీ నేను, ఇంజనీరు అబ్బాయి పంచుకుని మోశాం. ఆయన ఒట్టి చేతులతో మైలున్నర ఆగి ఆగి నడిచారు. వెంచురాలో దిగగానే ఇంటికి కాదు, ఫార్మసీకి వెళ్ళాం.

ఏది ఎందుకు జరిగింది

తిరిగొచ్చాక ఆ వారమంతా నా నోట్సు ముందేసుకుని కూర్చున్నాను. అదనపు తిండి తెమ్మని అందరికీ చెప్పాను, పార్క్ కూడా అదే చెప్తుంది. దాంతో పడవ రాని రోజుకి సిద్ధంగా ఉన్నామనుకున్నాను. నిజానికి పడవ రాకపోవడం అనేది మా మనసులో తిండికి సంబంధించిన విషయంగానే ఉండిపోయింది. మందులకి, గ్యాస్‌కి, ఆఫీసుకి, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళకి అదే లెక్క వెయ్యలేదు. బయల్దేరే ముందు నేను పంపిన ఫారంలో మందులు తెచ్చుకుంటున్నారా అని ఉంది. అందరూ అవునని రాశారు. అందులో అబద్ధం లేదు. ప్రశ్నే పనికిరానిది. "మీ ఆఖరి మాత్ర ఏ రోజుది?" అని అడగాలి.

ఇంతకన్నా లోతైనది ఇంకొకటి ఉంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లల మధ్యకి వచ్చినప్పుడు భారం కాకూడదని చాలా దాచుకుంటారు. మోకాలి నొప్పి దాస్తారు, బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు తాగడం తగ్గిస్తారు, మాత్ర సగం చేస్తారు. అమెరికాలో కొడుకు ఇంట్లో ఉంటే ఇది ఇంకా ఎక్కువ. బాగానే ఉన్నారా అని నలుగురిలో అడిగితే బాగానే ఉన్నానమ్మా అన్న మాటే వస్తుంది. నేను ఆ మాట విని తృప్తిపడ్డాను. ఆదివారం సాయంత్రం ఆయన నాతో గాలి గురించి మాట్లాడింది కూడా మాట కదపడానికే అని ఇప్పుడనిపిస్తుంది. నేను నిజం చెప్పుంటే ఆయన కూడా చెప్పేవారేమో. నా దగ్గరున్న కబురు నేను దాచినప్పుడే, దాచడం ఇక్కడ మామూలే అని నేనే చూపించినట్టయింది.

ఇప్పుడు దీవులకి సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే తీసుకెళ్తున్నాను. బడి పోతుందని కొన్ని కుటుంబాలు రావడం లేదు, అయినా తేదీ మార్చడం లేదు. రోజూ వాడే ప్రతి మందూ ట్రిప్ రోజులకి మూడు కలిపి తేవాలి, అసలు సీసాతో తేవాలి, ఒక వంతు నా సంచీలో ఉండాలి, లేబుల్ ఫోటో నా దగ్గరా ఒడ్డున ఉన్న ఒకరి దగ్గరా ఉండాలి. పెద్దవాళ్ళతో విడిగా, కొడుకూ కోడలూ పక్కన లేకుండా పావుగంట మాట్లాడతాను. వాతావరణ సూచన ఎప్పుడు తెప్పించినా అందరికీ చదివి వినిపిస్తాను, పిల్లలతో సహా. ఆ రెండు మెసేజ్‌ల వరస ఒక అట్ట మీద రాసి పరికరానికి కట్టి ఉంచాను, ఖాళీలు నింపితే చాలు. గ్యాస్ లెక్క రెట్టింపు చేశాను.

మరుసటి ఏడాది అక్టోబర్‌లో బాబాయ్ గారు మళ్ళీ వచ్చారు. వెంచురా హార్బర్‌లో సామాను పడవకి అందించే ముందు, నేను అడగకముందే సంచీ విప్పి రెండు సీసాలు తీసి నా చేతిలో పెట్టారు. ఒకటి ఆయనది, ఒకటి నాకిచ్చే వంతు. మూత మీద ఆయన చేతిరాతతో తెలుగులో తేదీ రాసి ఉంది, ఆఖరి మాత్ర ఏ రోజుదో.